మసి కాగితం మీద అడుగులు

ఆయనకో పేరుండేది. సర్టిఫికెట్ల మీదా, జీతం కాగితాల మీదా ఉండే పేరు. ఊళ్లో మాత్రం దాన్ని వాడిన పాపాన ఎవరూ పోలేదు. పోస్ట్‌మ్యాన్ కూడా కవరు మీద పేరు చదివి, "ఎవరబ్బా ఈయన?" అని బుర్ర గోక్కుని, నాలుగిళ్లు తిరిగాక, "ఓహో, గీతలాయనా! ఆ ముక్కేదో ముందే రాసి చావొచ్చుగా" అనేవాడు. రోజూ పొద్దున్నే ఒక నల్ల కాగితాన్ని యంత్రానికి చుట్టడం, మర్నాడు దాని మీద పడ్డ తెల్ల గీతల్ని భూతద్దం పెట్టి చదవడం, ఇదీ ఆయన ఉద్యోగం. అందుకని గీతలాయన. ఆవిడేమో గీతలాయన గారి భార్య. ఆ పిలుపు వింటే ఆవిడ మూతి ముడిచేది గానీ, లోపల్లోపల మురిసిపోయేదని నాకు గట్టి నమ్మకం.

భూకంపాలు నమోదు చేసే ఆ స్టేషన్ ఊరి చివర, రాతి గుట్ట పాదం దగ్గర ఉండేది. స్టేషన్ అంటే పెద్ద భవంతి అనుకునేరు, రెండే గదులు. ముందు గదిలో గుండ్రంగా తిరిగే డ్రమ్ము, గోడ గడియారం, ఫోన్. వెనక గదిలో కాగితాలకి మసి పట్టించే దీపం, లక్క వార్నిష్ తొట్టి, కాగితాలు ఆరేసే తీగ. బయట తలుపు ముందు రాతి గట్టు, ఆవరణలో మూడడుగుల లోతు గొయ్యి, దాని మీద ఇనుప మూత, చుట్టూ గేటున్న ప్రహరీ గోడ. అసలు పరికరం ఆ గొయ్యిలో, బండరాతిని అంటిపెట్టుకుని ఉండేది. నేల ఏ మాత్రం ఉలిక్కిపడినా ఆ సంగతి తీగ వెంట లోపలికొచ్చి డ్రమ్ము మీది సూదిని కదిపేది. సూది మసిని గీరేది. నేల ఊరుకుంటే తిన్నని గీత, కదిలితే వంకర గీత. అంతే సంగతులు.

మసి పట్టించడం మాత్రం ఆషామాషీ వ్యవహారం కాదు. కిరసనాయిలు దీపం పొగ మీద నున్నటి కాగితం చుట్టిన డ్రమ్ముని ఒకే తీరున తిప్పాలి. ఒక్క క్షణం ఆగితే కాగితం మాడుతుంది. మసి మందమైతే పెళ్లలుగా రాలుతుంది, పలచనైతే గీత కనబడదు. ఇరవై నాలుగు గంటల తర్వాత దాన్ని విప్పి, మసి చెదరకుండా లక్కలో ముంచి ఆరేసేదాకా ఊపిరి బిగబట్టాల్సిందే. పొరపాటున వేలు తగిలిందా, ఆ రోజు భూమి చెప్పిందంతా గంగలో కలిసినట్టే. ఇరవై ఏడేళ్ల వయసులో ఆ పని నేర్చుకున్నాక ఆయన ఒక్క రోజూ ఆ డ్రమ్ముని ఇంకొకరికి అప్పగించలేదు. అప్పగించడానికి ఊళ్లో ఆ పని వచ్చినవాడు ఇంకొకడు ఉంటేగా!

పక్కింట్లో ఉండే టైలర్‌కి ఇదంతా వింతగా ఉండేది. "ఏముందన్నయ్యా ఆ భూమి లోపల? ఊరికే ఎందుకు వణుకుతుంది?" అని అడిగేవాడు, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

"ముందా సూదులు తియ్యరా బాబూ, మింగి చస్తావు," అనేవాడు గీతలాయన. "మన కాళ్ల కింద నేల ఒక ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలు. అన్నీ ఏదో ఒక వైపు జరుగుతుంటాయి. నీ గోరు పెరిగేంత నెమ్మదిగానే అనుకో. మన గుట్ట కింద రాతిలో ఒక పగులుంది. దానికి ఇవతల నేల ఇటు పోతానంటుంది, అవతల నేల అటు పోతానంటుంది. మధ్యలో బిగుసుకుపోయాయి. వానలకి ఉబ్బిన తలుపుని తోశావా ఎప్పుడైనా?"

"మా దొడ్డి తలుపు సంగతి అదేగా!"

"ఆఁ, అదే. తోస్తావు, తోస్తావు, కదలదు. కదల్లేదు కదా అని నువ్వు తోసిన బలం ఎక్కడికీ పోదు. పేరుకుంటుంది. ఏదో ఒక క్షణాన ఊడుతుంది. అప్పుడు తలుపుతో పాటు నువ్వూ అవతల పడతావు."

"మరి మనది ఎప్పుడు ఊడుతుంది?"

"అదే తెలిస్తే నేనిక్కడ నీతో కబుర్లెందుకు చెప్తాను?" అని నవ్వేసేవాడు. కానీ డ్రమ్ము వెనక గోడ మీద ఎర్ర రంగుతో రాసిన వాక్యాన్ని ఆయన ఏనాడూ తేలిగ్గా తీసుకోలేదు: గంటలో రెండు దగ్గరి కంపాలు కనిపించిన వెంటనే ఫోన్ చేయవలెను. ఫోన్ చేస్తే ఊళ్లో సైరన్ మోగుతుంది, జనం ఇళ్లలోంచి వీధిలోకి వస్తారు. పెద్ద కుదుపుకి ముందు కొన్నిసార్లు చిన్న చిన్నవి వస్తాయి. ప్రతిసారీ రావు. అయినా నియమం నియమమే.

ఇక్కడో చిక్కుంది. గొయ్యిలోని పరికరానికి భూకంపమూ ఒకటే, రోడ్డు మీద లారీ కూడా ఒకటే. మేకల మంద పోయినా సూది ఎగురుతుంది. అందుకని గీతలాయన ఎప్పటికప్పుడు గుండుసూదితో కాగితం అంచున మసి మీద గీరి రాసేవాడు. 'లారీ'. 'మేకలు'. 'గాలి'. రోజూ ఒంటిగంట దాటాక మాత్రం ఒకటే మాట: 'క్యారియర్'. మళ్లీ రెండింటికి పావు తక్కువకి 'వాపసు'.

క్యారియర్ అంటే ఆవిడ. పెళ్లయిన మూడో వారం నుంచి మధ్యాహ్నం భోజనం ఆవిడే తెచ్చేది. గట్టు మీద కూర్చుని ఇద్దరూ కలిసి తినేవాళ్లు. చిన్నప్పుడు పడి తుంటి విరగడంతో ఆవిడకి ఎడమ కాలు కొంచెం పొట్టి. ఒకడుగు బరువుగా, ఒకడుగు తేలిగ్గా పడేది. క్యారియర్ తేవడం మొదలుపెట్టిన నాలుగో రోజో ఐదో రోజో, ఆరిన కాగితం చదువుతూ గీతలాయన ఉన్నట్టుండి భార్యని కేకేశాడు.

"ఇటు రా, ఇది చూడు. ఇదెవరో చెప్పుకో."

భూతద్దంలోంచి చూస్తే వరసగా చిన్న చిన్న గాట్లు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మళ్లీ పెద్దది, చిన్నది. మొదట కనీ కనబడనట్టు మొదలై, స్టేషన్ దగ్గరికొచ్చే కొద్దీ ఎత్తు పెరుగుతూ వచ్చాయి.

"ఎవరు?"

"నువ్వే. వీధి మలుపు దగ్గర మొదలుపెట్టి గట్టు దాకా. నిన్న ఒంటిగంటా పది."

ఆవిడ నోరు నొక్కుకుని నవ్వింది. "అయ్యయ్యో, నా నడక కూడా పట్టేసిందా! దీని దుంప తెగ! ఇక మీకు తెలియకుండా నేనెక్కడికైనా పోగలనా?"

ఆ తర్వాత ఆవిడ ఆయన్ని 'భూమిగారూ' అని పిలవడం మొదలుపెట్టింది. గట్టు దగ్గరికి రాగానే, "ఏవండోయ్ భూమిగారూ, కాస్త పైకి వస్తారా?" అనేది. ఆయన డ్రమ్ము మీద ఆ వేళకి 'క్యారియర్' అని గీరి, తలుపు తీసుకుని వచ్చేవాడు. పిల్లలు కలగలేదు. కలగలేదని కుమిలిపోయే తీరికా వాళ్లకి ఉన్నట్టు లేదు. పదిహేడేళ్లు అలాగే గడిచిపోయాయి.

గొడవ ఒక పెళ్లి గురించి వచ్చింది. ఆవిడ చెల్లెలి కూతురి పెళ్లి. పోను ఒక రోజు, రాను ఒక రోజు, అక్కడ రెండు రోజులు. పదిహేడేళ్లలో ఏ శుభకార్యానికైనా ఆవిడ ఒంటరిగానే వెళ్లి, "మీ ఆయనేడీ?" అన్న ప్రతి ఒక్కరికీ అదే జవాబు చెప్పి చెప్పి విసిగిపోయింది. పది రోజుల నుంచి మెల్లమెల్లగా చెవిన వేస్తూనే ఉంది. ఆయన ఊఁ అనలేదు, ఆఁ అనలేదు. ఆ రోజు పొద్దున ఆవిడ తేల్చుకుందామనే కూర్చుంది.

"ఈసారైనా వస్తారా, రారా?"

"కాగితం ఎవరు మారుస్తారు?"

"నాలుగు రోజులు మీరు చూడకపోతే భూమి తిరగడం మానేస్తుందా?"

"నీకు చెప్పినా అర్థం కాదు."

"ఎందుకర్థమవుతుంది? కిలోమీటర్ల లోతులో రాయి కదిలితే మీకు తెలుస్తుంది. పక్కనున్న మనిషి మనసులో ఏముందో మాత్రం అక్కర్లేదు. నేను కూడా వెళ్లి ఆ గొయ్యిలో కూర్చోవాలి కాబోలు, అప్పుడైనా చూస్తారేమో!"

మాట మాట పెరిగింది. ఆయనకి ఒళ్లు మండింది. మండినప్పుడు మనిషి నోటికి ఏదొస్తే అది అనేస్తాడు చూడండి, అలా అనేశాడు.

"చూడకేం? రోజూ నీ కుంటి నడకతో నా కాగితం పాడవుతూనే ఉందిగా! ఇవాళ్టి నుంచి ఆ స్టేషన్ గేటు దాటి లోపలికి రాకు."

పదిహేడేళ్లలో ఆ మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. వీధిలో ఎవరైనా అంటే కొట్టడానికి వెళ్లిన మనిషి. ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "సరేలెండి" అని పొయ్యి వైపు తిరిగింది.

వీధి మలుపు తిరగకముందే ఆయనకి మనసు పీకడం మొదలుపెట్టింది. వెనక్కి వెళదామా అనుకున్నాడు. కాగితం మార్చే వేళ మించిపోతోంది. మధ్యాహ్నం వస్తుందిగా, అప్పుడు ఏదో ఒకటి చెప్పి నవ్విద్దాంలే, పెళ్లికి వస్తానని కూడా చెప్పేద్దాంలే అనుకున్నాడు. ఆ అనుకోవడంలో అబద్ధం లేదు. నిజంగానే అనుకున్నాడు పాపం.

ఒంటిగంటా ఎనిమిది నిమిషాలకి సూది కదిలింది. ఆయన ప్రాణం లేచొచ్చింది. వచ్చిందన్నమాట! కాగితం అంచున 'క్యారియర్ 1.08' అని గీరి, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు. కుర్చీ నుంచి తలుపు ఏడడుగులు. లేచి వెళ్లొచ్చు. కానీ మనిషిలో ఒక పాడు పంతం ఉంటుందే, అది కూర్చోబెట్టింది. పిలవనీ, పిలవగానే వెళదాం అనుకున్నాడు. భూమిగారూ అనే పిలుపు రాలేదు. అంత కోపమా, అనుకున్నాడు. నాకు మాత్రం లేదా, అని కూడా అనుకున్నాడు. ఒంటిగంటా పంతొమ్మిదికి సూది మళ్లీ కదిలి ఆగింది. క్యారియర్ గట్టు మీద పెట్టేసి, కాసేపు మూతి ముడుచుకు కూర్చుని వెళ్లిపోయిందన్నమాట. ఆయన చుర్రుమంటూ 'వాపసు 1.19' అని గీరాడు. అన్నం చల్లారిపోయినా సరే, తలుపు తీయనంటే తీయనని భీష్మించుకు కూర్చున్నాడు.

ఒంటిగంటా ముప్పై ఆరుకి గుట్ట కింద ఉబ్బిన తలుపు ఊడింది.

ఎంతసేపు ఊగిందని తర్వాత అందరూ అడిగారు. ఇరవై రెండు సెకన్లు. గోడ గడియారం కింద పడింది. సూది కాగితాన్ని చీల్చుకుని ఎగిరిపోయింది. స్టేషన్ గట్టి కట్టడం, చెక్కు చెదరలేదు. పెద్ద కుదుపు వస్తే ముందు కాగితాన్ని కాపాడాలని ఆయనకి నేర్పారు. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. కాగితం విప్పాయి, లక్కలో ముంచాయి, తీగ మీద ఆరేశాయి. ఫోన్ చూస్తే చచ్చి ఉంది. అప్పుడు తలుపు తీసుకుని బయటికొచ్చాడు.

గట్టు మీద క్యారియర్ లేదు.

రెండు క్షణాలు ఆయనకి ఏమీ అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఆవిడ రాలేదు. రావద్దన్నాడు, రాలేదు. మరి ఒంటిగంటా ఎనిమిదికి సూదిని కదిపిందెవరు? పంతొమ్మిదికి కదిపిందెవరు? గంటలో రెండు. భూమి రెండుసార్లు చెప్పింది. తను రెండుసార్లూ దాని పక్కన భార్య పేరు రాసి ఊరుకున్నాడు. పదిహేడు నిమిషాల వ్యవధి చేతిలో పెట్టుకుని, ఫోన్ పక్కనే కూర్చుని, అలిగాడు.

ఇంటి వైపు పరిగెత్తాడు. ఇల్లు లేదు. ఇటుకలు, దూలాలు, దుమ్ము. టైలర్ తన తల్లి కోసం ఒక పక్క తవ్వుతున్నాడు, ఈయన ఇంకో పక్క. సాయంత్రానికి ఇద్దరినీ తీశారు. ఇద్దరూ ప్రాణాలతో లేరు. ఊరు మొత్తం మీద పద్నాలుగు మంది పోయారు. వంటింటి మూల పొయ్యి పక్కన క్యారియర్ దొరికింది. కొక్కెం వేసింది వేసినట్టే ఉంది, లోపల ఇద్దరి భోజనం ముట్టుకోకుండా ఉంది. వండి, సర్ది, కోపంతో తేకుండా కూర్చుందని ఆయన అనుకున్నాడు. ఏ రోజైనా ఆ వేళకి తన పక్కన, ఆ గట్టి గట్టు మీద ఉండేది. గేటు దాటొద్దని తనే చెప్పాడు.

మూడో రోజు పెద్దాఫీసు నుంచి ఒకాయన వచ్చి ఆ రోజు కాగితం అడిగాడు. "డ్రమ్ము ఊగినప్పుడు మసి చెరిగిపోయిందండీ," అన్నాడు గీతలాయన. ఆయన జీవితంలో ఉద్యోగం విషయంలో ఆడిన అబద్ధం అదొక్కటే. ఆరిన కాగితాన్ని అప్పటికే చుట్ట చుట్టి రేకు గొట్టంలో పెట్టేశాడు. భూతద్దం పెట్టి చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే ఇక అనుమానానికి కూడా చోటుండదు కదా.

ఇరవై రెండేళ్లు ఆ గొట్టం బీరువా వెనక ఉంది. కాల్చేద్దామని ఎన్నిసార్లు బయటికి తీశాడో, ఎన్నిసార్లు లోపల పెట్టాడో లెక్కలేదు. జనం ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. అదే ఆయనకి నరకం. కనీసం తిట్టినా బాగుండేది. టైలర్ వచ్చి పక్కన కూర్చుని, "మీరు మాత్రం ఏం చేస్తారన్నయ్యా? భూమి చెప్పి వస్తుందా?" అని ఓదార్చేవాడు. చెప్పింది రా, మీ అమ్మ గురించి కూడా చెప్పింది, నేనే వినలేదు అని గొంతు దాకా వచ్చేది. మింగేసేవాడు. పోను పోను టైలర్ కనబడితే పక్క సందులోకి తప్పుకోవడం అలవాటైంది. పాపం టైలర్, పెళ్లాం పోయిన దుఃఖంలో మనిషి ఇలా అయిపోయాడనుకున్నాడు.

ఆ కుదుపుకి స్టేషన్ ప్రహరీ గోడ కూడా తెగింది. గుట్ట కింది పగులు సరిగ్గా గేటు కిందుగానే పోతుందట. గేటు ఎడమ స్తంభం ఉన్నచోటే ఉంది, కుడి స్తంభం జానెడు ముందుకి జరిగింది. మళ్లీ ఆ గేటు మూసుకోలేదు. కాలేజీల వాళ్లొచ్చి దాన్ని ఫొటోలు తీసుకునేవారు. కొన్నేళ్లకి మసి కాగితాలు పోయి కంప్యూటర్ వచ్చింది. గీతలాయన దాని దుమ్ము తుడుస్తూ ఉద్యోగం ముగించి ఇంటికొచ్చాడు.

అరవై ఎనిమిదో ఏట మళ్లీ పిలుపొచ్చింది. పెద్దాఫీసు నుంచి వచ్చిన కొత్త ఆఫీసరమ్మ పాత కాగితాలన్నీ కెమెరాతో ఫొటోలు తీయిస్తోంది. తొమ్మిది వేల పైచిలుకు. వాటి అంచుల మీద గీరిన ముక్కలు ఎవరికీ అంతుబట్టడం లేదు. కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని, దాని కోసం బల్లంతా వెతికే రకం ఆ అమ్మాయి. మొదటి రోజే ఆయన్ని బాబాయ్ గారూ అని వరస కలిపేసింది.

"బాబాయ్ గారూ, ఈ క్యారియర్ ఎవరండీ? రోజూ టంచనుగా వస్తోంది! భూకంపాల కంటే ఈవిడే ఎక్కువున్నారు!"

"మా ఆవిడండీ మేడమ్," అన్నాడు. ఆ అమ్మాయి నాలుక కరుచుకుంది.

మూడు వారాలు పక్కపక్కన కూర్చుని చదివారు. ఏది లారీయో, ఏది గాలో, ఏది నిజమైన కంపమో ఆయన ఓపిగ్గా నేర్పాడు. ఆ అమ్మాయీ శ్రద్ధగా నేర్చుకుంది. ఆవిడ అడుగులు వచ్చినప్పుడల్లా ఇద్దరూ కాసేపు ఆగేవారు. వానరోజుల్లో ఆ గాట్లు దగ్గర దగ్గరగా పడ్డాయి, గబగబా నడిచింది కాబట్టి. ఒంట్లో బాగోని రోజుల్లో దూరం దూరంగా ఉన్నాయి. అవి చదువుతుంటే ఆయనకి లోపల ఏదో మెత్తబడుతూ వచ్చింది. ఆ మెత్తదనమే ఆయన్ని భయపెట్టింది కూడా, ఎందుకంటే రోజులు ఆ తేదీ వైపు నడుస్తున్నాయి.

"ఈ ఒక్కటి లేదు బాబాయ్ గారూ," అంది ఆ అమ్మాయి ఒక మధ్యాహ్నం. "అసలు దీని కోసమే వచ్చాను నేను. పెద్ద కుదుపుకి ముందు ఇక్కడ చిన్నవి వచ్చాయా లేదా అన్నది ఆ కాగితం తప్ప ఇంకేదీ చెప్పలేదు. చెరిగిపోయిందని రాసుంది. ముక్కైనా మిగల్లేదా?"

ఆయన లేచి ఇంటికెళ్లాడు. అరగంటలో రేకు గొట్టంతో తిరిగొచ్చి బల్ల మీద పెట్టాడు. నిలబడే మొత్తం చెప్పాడు. పొద్దుటి గొడవ, తనన్న మాట, రెండు కదలికలు, తను గీరిన రెండు ముక్కలు, గట్టు ఖాళీగా ఉండటం, ఆడిన అబద్ధం. "పద్నాలుగు మందమ్మా. నేను ఫోన్ చేసుంటే వీధిలో నిలబడేవాళ్లు. ఏం శిక్ష వేస్తారో వేయించండి. ఇక మొయ్యలేను," అన్నాడు.

ఆ అమ్మాయి గొట్టం మూత తీసి, కాగితాన్ని మెల్లగా పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టింది. ఆయన కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

"బాబాయ్ గారూ, ఇలా రండి."

"చెప్పండమ్మా. వింటాను."

"మీరే కదా నాకు నేర్పింది. భూమి కదిలితే ఎలా ఉంటుందన్నారు?"

"సన్నగా మొదలై, వెంటనే పెద్దగా విరుచుకుపడుతుంది. తర్వాత తోకలా సన్నబడిపోతుంది."

"మరి మనిషి నడిస్తే?"

"అడుగు అడుగుకీ ఒక గాటు. దగ్గరికొచ్చే కొద్దీ ఎత్తు పెరుగుతుంది."

"అయితే వచ్చి చూడండి, దయచేసి."

ఆయన భూతద్దం అందుకున్నాడు. తను గీరిన అక్షరాలు కనబడ్డాయి. వాటి పక్కన గాట్లు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది, చిన్నది. పెద్దది, చిన్నది. వీధి మలుపు నుంచి మొదలై నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పెరుగుతూ వచ్చి, గట్టు దగ్గరికి రావాల్సిన ఎత్తులో సగానికి ఆగిపోయాయి. గేటు దగ్గర. అక్కడి నుంచి తిన్నని గీత. పంతొమ్మిదో నిమిషంలో మళ్లీ మొదలు. పెద్దది, చిన్నది, తగ్గుకుంటూ, తగ్గుకుంటూ, వీధి మలుపు దాకా.

"భూమి ఆ రోజు ఏమీ చెప్పలేదు బాబాయ్ గారూ!" ఆ అమ్మాయి గొంతులో సంతోషం ఆగడం లేదు. "ఒక్క కంపం కూడా లేదు. ఫోన్ చేయడానికి ఏమీ లేదు. ఆ పద్నాలుగు మందిలో ఒక్కరి పాపం కూడా మీది కా..."

ఆయన ముఖం చూసి సగంలో ఆపేసింది.

క్యారియర్ తెచ్చి, వెనక్కి తీసుకుపోయి ఉండొచ్చన్న ఆలోచన ఇరవై రెండేళ్లలో ఆయనకి ఒక్కసారీ రాలేదు. భయం పట్టుకున్నవాడికి ఆ భయం తప్ప ఇంకేదీ కనబడదు. ఊరిని చంపానన్న భయం అంత పెద్దదై కూర్చుంది. ఇప్పుడది పోయింది. పోయిన చోట ఇది మిగిలింది.

"వచ్చింది," అన్నాడు. "అంత మాటన్నా కూడా అన్నం పట్టుకుని వచ్చింది. గేటు దాటి లోపలికి రావద్దన్నాను కదా... అందుకే దాటలేదు. నేనొస్తానని చూసింది."

ఆ అమ్మాయి కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆయన ఏడ్చాడు. ముసలాయన, బల్ల అంచు పట్టుకుని, చప్పుడు రాకుండా ఏడ్చాడు. ఏడడుగులు వేసి తలుపు తీసుంటే చాలు. నువ్వేంటి అక్కడే నిలబడ్డావు, లోపలికి రావే అని ఒక్క కేక వేసుంటే చాలు. ఒంటిగంటా ముప్పై ఆరుకి ఇద్దరూ గట్టు మీద ఉండేవాళ్లు. కుదుపుకి కూర చిందితే ఆవిడ, చూశారా మీ భూమి నిర్వాకం, అని ఆయన్నే తిట్టేది.

టైలర్‌కి ఈ సంగతి చెప్పాలి, ఇవాళే చెప్పాలి అని గొణుక్కున్నాడు. మీ అమ్మ విషయంలో భూమి నిజంగానే చెప్పి రాలేదు రా అని చెప్పాలి. ఇన్నేళ్లూ సందుల్లోంచి తప్పుకు తిరిగినందుకు క్షమించమనాలి. ఆ మాట అన్నాక కొంచెం తేరుకున్నట్టు కనిపించాడు.

కాసేపటికి ఆ అమ్మాయి మెల్లగా కంప్యూటర్ దగ్గరికి జరిగింది. పని ఆపడం కంటే కొనసాగించడమే మంచిదనుకుంది కాబోలు. ప్రతి గీతకీ ఎదురుగా అదేమిటో రాయాలి.

"ఒంటిగంటా ఎనిమిది. ఏమని రాయమంటారు?"

"క్యారియర్ అనే రాయండమ్మా. నేను రాసింది సరిగ్గానే ఉంది."

"ఒంటిగంటా పంతొమ్మిది, వాపసు." రాసుకుంది. "మధ్యలో పదకొండు నిమిషాలు తిన్నని గీత. దీనికేమీ అక్కర్లేదు కదా బాబాయ్ గారూ? ఇక్కడేమీ లేదు."

"ఉందమ్మా," అన్నాడు. "నిలబడి ఉంది."

భూతద్దాన్ని ఆ తిన్నని గీత మీద పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా నెమ్మదిగా జరుపుతూ చూశాడు. అయిపోయాక మళ్లీ మొదటికొచ్చాడు.